పద్నాలుగు కిలోల సంచి

పద్నాలుగు కిలోల సంచి వీపున వేసుకుని, పోను అయిదు మైళ్ళు, రాను అయిదు మైళ్ళు నడిచి, నడుమ ఛాతీ లోతు వాగు దాటి నేను ఎల్లారెడ్డి బడిలో చదువుకున్నాను. ఈ వాక్యంలో నిజమైన మాట ఎల్లారెడ్డి ఒక్కటే. మిగతాదంతా ముప్పై ఏళ్ళ పాటు నేను కొంచెం కొంచెంగా పెంచి పెద్దచేసుకున్నది. కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సుల్లో కండక్టరుగా పనిచేసినవాడికి రెండు విద్యలు వాటంతట అవే అబ్బుతాయి. నిలబడి నిద్రపోవడం ఒకటి, మూట చూసి బరువు చెప్పడం ఒకటి. బడిపిల్లలు సంచులతో ఎక్కి దారికి అడ్డం నిలబడినప్పుడల్లా నేను ఒక సంచి చేత్తో లేపి చూసి, "గింతదానికే మూలుగుతున్నవా? మా దినాలల్ల నేనెంత మోసిన్నో ఎరికేనా?" అని మొదలుపెట్టేవాణ్ణి. మొదట్లో నా సంచి ఆరు కిలోలే. బస్సు లింగంపేట దాటేసరికి అది ఎనిమిది అయ్యేది. వినేవాళ్ళు నోరు తెరిస్తే ఇంకో కిలో కలిసేది. నేను రిటైరయ్యేనాటికి పద్నాలుగు దగ్గర ఆగింది. ఇంకో రెండేళ్ళు సర్వీసు మిగిలి ఉంటే ఆ సంచి కోసం లారీ మాట్లాడవలసి వచ్చేది.

ఈ అబద్ధాన్ని పట్టించింది ఒక మందు ట్యూబు. నాకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్పూరం వాసన కొట్టే ఒక మందు రాసుకుంటాను. నెల రోజులు రావలసిన ట్యూబు రెండు వారాలకే చపాతీలా పలచబడటం మొదలైంది. ముందు మా ఇంటావిడను అనుమానించాను. "నీ మందు వాసనకే నాకు తల తిరుగుతది, మళ్ళ నేను రాసుకుంటనా?" అని ఆవిడ గరిటె చూపించింది. కోడలు మంజులను అడిగే ధైర్యం లేదు. ఇంతలో ఒక పొద్దున నా మనవరాలు లహరి బడికి వెళ్తూ నా కుర్చీ పక్కనుంచి పోయింది. లహరి ఎనిమిదో తరగతి. కొబ్బరినూనె వాసన రావలసిన ఆ జడల వెనకనుంచి నా మోకాళ్ళ వాసన వచ్చింది.

"ఆగు బిడ్డా. నా మందు నీకెందుకే?"

"నేను తీస్తలేను తాతా."

"ముప్పై ఏండ్లు టికెట్ లేనోళ్ళను పట్టిన. నాతోనా?"

ఆ పిల్ల మెట్టు మీద కూర్చుంది. అప్పుడు చూశాను, బూటు లేసు ఊడి ఉంది. ఒంగి కట్టుకోవడానికి బదులు పాదాన్ని రెండు చేతులతో పైకి లాక్కుంటోంది, ఎవరిదో కాలైనట్టు. "నడుము మీద గుంజుతుంది తాతా. దసరా సెలవులు అయినంక షురూ అయింది. కూసుంటే ఎక్కువైతది" అంది. మరి మాతో చెప్పొద్దా అన్నాను. "ఒకసారి చెప్పిన గదా. పిల్లలకు నడుమేందే, నడుము పెండ్లయినంక వస్తది అని నవ్వినవ్. మళ్ళేం చెప్పాలె? నువ్వేమో పద్నాలుగు కిలోలు మోసినంటివి. నాది తొమ్మిదే."

ఆ 'తొమ్మిదే' విని నేనే ఒంగి ఆ లేసు కట్టాను. తర్వాత మంజుల చెబితే తెలిసింది, పిల్ల ఖోఖో జట్టులోంచి కూడా పేరు తీయించుకుందట. కాలు బెణికిందని సారుకు అబద్ధం చెప్పిందట. అబద్ధం చెప్పడం మా వంశంలో కొత్త కాదు గానీ, నేను ఉన్నదాన్ని పెంచడానికి చెప్పేవాణ్ణి, ఇది ఉన్నదాన్ని దాచుకోవడానికి చెప్పింది. లహరి పరుగెత్తితే మా వీధి కుక్కలు కూడా పోటీ మానేసి చూస్తాయి. సరే, ఒక కుక్క చూసింది. కానీ ఆ పిల్లకు ఖోఖో అంటే ప్రాణం, ఇది మాత్రం పెంచి చెబుతున్నది కాదు.

బడిసంచితో సహా ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వెన్నుపూసలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు, ఒంగమన్నాడు, పడుకోబెట్టి కాళ్ళు లేపి చూశాడు. చివరికి రోగులను తూచే యంత్రం మీద సంచిని పెట్టాడు. తొమ్మిది కిలోల మీద ఇంకా కొంచెం ఉంది. "అమ్మాయి వెన్నులో జబ్బేం లేదు పెద్దాయనా, జబ్బంతా ఈ సంచిలో ఉంది" అన్నాడు. రెండు భుజాలకూ వేసుకోవాలి, నడుము కిందికి వేలాడనివ్వకూడదు, బరువైన పుస్తకాలు వీపుకు ఆనేట్టు పెట్టాలి, కొన్ని రోజులు ఈ కసరత్తులు చెయ్యాలి, నొప్పి తగ్గాక ఆటలు మానొద్దు, అన్నిటికన్నా ముందు బరువు తగ్గాలి అన్నాడు. ఇవన్నీ విని లహరి, "మా తాత పద్నాలుగు కిలోలు మోసిండు సార్" అంది. డాక్టరు కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, "మరి మీ నడుము ఎట్లుంది?" అన్నాడు. "మస్తుగుంది" అన్నాను. నోరు జారడం కాదది, ముప్పై ఏళ్ళ అలవాటు.

ఆటోలో వస్తూ పిల్ల బయటికి చూస్తూ కూర్చుంది. "జబ్బేం లేదన్నడు గదా. అంటే నా నడుమే మంచిది కాదేమో తాతా. నీకు రాని నొప్పి నాకెందుకొచ్చింది?" అని అడిగింది. ఎవరి మీదా కోపం లేకుండా, లెక్కలో తప్పెక్కడ వచ్చిందో వెతుక్కుంటున్నట్టు అడిగింది. అక్కడే, ఆ ఆటోలోనే నిజం చెప్పేయవచ్చు. ఇంటికి ఇంకా రెండు మలుపులు ఉన్నాయి, సమయం లేక కాదు. కానీ నేను చెప్పలేదు. "మా అక్కకు పానం బాగలేదట, ఐతారం ఎల్లారెడ్డి పోదాం, నా సంచి గూడ ఆడనే ఉంది, చూద్దువు" అన్నాను. అక్క ప్రాణానికి ఏమీ కాలేదు. నా నోటితో చెప్పుకోలేనిది అక్క నోటినుంచి ఎలాగూ వస్తుందని నాకు తెలుసు. నిజం చెప్పడానికి కూడా నాకు మనిషి సాయం కావాలి.

మా అక్క నర్సవ్వ నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఈ వయసులోనూ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంటుంది. చేతులు ఊరుకోవట, అందుకట. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే తడి తునికాకు వాసన, దాని వెనక తంబాకు వాసన ముక్కుకు తగులుతాయి. నాకు ఆ వాసనే పుట్టిల్లు. లహరి వెళ్ళీ వెళ్ళగానే, "అవ్వా, తాత బడిసంచి ఏదీ?" అంది. అక్క తల కూడా ఎత్తకుండా గోడ మేకు వైపు గడ్డంతో చూపించింది. మూరెడు పొడుగు కూడా లేని నల్లటి సంచి. లోపల కత్తెర, దారపుండలు పెట్టుకుంటోంది. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనేవాళ్ళం. బాపు గొంగడి చినిగిపోతే అవ్వ ఆ ముక్కతో కుట్టిన సంచి అది. వాన పడితే గొర్రె వాసన వేసేది, లోపలి పుస్తకం మాత్రం తడిసేది కాదు.

"గిందులనా పద్నాలుగు కిలోలు పట్టినయి?" అని లహరి సంచిని అటూ ఇటూ తిప్పింది.

అక్క చేతిలో బీడీ ఆగింది. "పద్నాలుగు కిలోలా? ఎవలన్నరే?"

"తాతనే."

"ఒరే రాజిగా! అప్పుడు నిన్ను తూస్తేనే పద్నాలుగు కిలోలు లేవు గదరా!"

"మరి వాగు దాటి పోతుండెనట గదా అవ్వా, ఛాతీ లోతు?"

"వాగేడిదే? ఒర్రె. మోకాలు మునగది. అదన్న నడిచిండా? ఒక సంకల బీడీల గంప, ఇంకో సంకల వీడు, మెడల వీని సంచి. మూడో తరగతి దాక గంతే."

"ఒకటో తరగతి దాకనే అక్కా" అన్నాను.

"మూడు."

"సరే, మూడు."

లహరి పడిపడి నవ్వింది, అక్కా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నడుము పట్టుకుంది. ఆ పట్టుకోవడం చూసి అక్క నవ్వు ఆపేసింది. ఏమైందని అడిగితే పిల్ల డాక్టరు దాకా అంతా చెప్పింది.

మా ఊరు ఎల్లారెడ్డికి అయిదు మైళ్ళు కాదు, మైలున్నర. పొద్దున్నే అవ్వ ముందురోజు నానబెట్టిన ఆకు కట్టలను తడిగుడ్డలోంచి తీసేది. అక్క రేకు ముక్క కొలత పెట్టి కత్తిరించేది. కత్తెర చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. బాపు పోచారం ప్రాజెక్టు నీళ్ళు పారే మళ్ళలోకి కూలికి పోయేముందు జొన్న గటక తింటూ, అరుగు మీద కూర్చుని ఒకే ప్రశ్న రోజూ అడిగేవాడు: "ఇయ్యాల ఏం నేర్సుకుంటవ్‌రా?" నేను నోటికి వచ్చింది చెప్పేవాణ్ణి. ఆయన ఎప్పుడూ సరిచూడలేదు, చదువు రానివాడు ఎలా చూస్తాడు? నా పెంచి చెప్పే గుణానికి మొదటి శ్రోత మా బాపే అనుకుంటాను. చుట్టిన బీడీలను అక్క గంపలో పెట్టుకుని ఎల్లారెడ్డి కార్ఖానాకు నడిచేది. దారిలో నన్ను బడి దగ్గర దించేది. కార్ఖానాలో బీడీలు చూసే ఆయన బాగాలేనివి తీసి పక్కన పడేసేవాడు, అవి ఎన్నయితే ఆ రోజు అక్క మొహం అంత చిన్నదయ్యేది. తిరుగు దారిలో మళ్ళీ ఆకు, తంబాకు గంపనిండా. మళ్ళీ అదే సంకన.

నా సంచి ఎందుకు అంత తేలిక అంటే, అందులో ఒకే పుస్తకం ఉండేది గనుక. మా వాడకట్టు నుంచి నలుగురం పిల్లలం ఒకే తరగతి. నాలుగు ఇండ్లలోనూ అన్ని పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఉపాయం చెప్పింది అక్క. తెలుగు మా ఇంట్లో, లెక్కలు ఎదురింట్లో, మిగతావి మిగతా ఇద్దరి ఇండ్లలో. ఎవరి పుస్తకం వాళ్ళు మోయాలి, బడిలో నలుగురూ పక్కపక్కన కూర్చోవాలి, సాయంత్రం మా అరుగు మీద కూడాలి. వంతు పుస్తకాలు అనేవాళ్ళం. పొద్దుగూకేలోపు ఒకడు గట్టిగా చదివితే ముగ్గురం వినేవాళ్ళం. ముగ్గురం అని రాశాను, నలుగురు. చాట ఒళ్ళో పెట్టుకుని అక్క కూడా వినేది. మేం పద్యం తప్పు చదివితే చుట్టడం ఆపకుండానే సరిచేసేది. ఒక్కరోజు కూడా బడి గడప తొక్కని మనిషి.

"ఇటు రా బిడ్డా, సంచి ఎట్లేసుకుంటవో చూపెట్టు" అంది అక్క. లహరి తన చేతిసంచీనే ఒక్క భుజానికి తగిలించుకుని చూపించింది. స్నేహితురాళ్ళంతా అలాగే వేసుకుంటారట, రెండు భుజాలకూ వేసుకుంటే చిన్నపిల్లల్లా ఉంటుందట. అక్క చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. లేచాక కూడా పూర్తిగా లేవలేదు. ఎడమవైపుకు ఒరిగి, ముందుకు వంగి నిలబడింది. నేను డెబ్బై ఏళ్ళుగా చూస్తున్న మనిషే. ముసలితనం అనుకున్నాను.

"చూసినవా? గంప ఒక్క సంకనే పెట్టుకున్న. నీ అంత ఉన్నప్పుడే షురూ అయింది నాకు. అవ్వకు చెప్తే, పిల్లలకు నడుమేందే అన్నది. అవ్వను తప్పు పట్టను, ఆమె నొప్పిని పట్టించుకున్నోళ్ళే లేకుండె. నేను మళ్ళ చెప్పలే. చెప్పకపోతే తగ్గుతదనుకున్న."

"నాకెప్పుడూ చెప్పలేదేందక్కా?" అన్నాను.

"నువ్వెప్పుడడిగినవ్‌రా?"

అడగలేదు. మా అవ్వ అక్కతో అన్న మాటనే, అక్షరం మారకుండా, ఇన్నేళ్ళ తర్వాత నేను నా మనవరాలితో అన్నాను. పైగా నవ్వాను. అక్క లహరి రెండు భుజాల మీదా చేతులు వేసి, "నీ నడుము మంచిదే బిడ్డా. నాది గూడ మంచిదే ఉండె. మోసుడే ఎక్కువైంది. నువ్వు మీ తాతకు చెప్పినవ్ గదా, ఇగ నయమైతది" అంది. ఆ పిల్ల మొహం అప్పుడు విప్పారింది. డాక్టరు చెప్పినప్పుడు నమ్మనిది అక్క చెబితే నమ్మింది. వంకర తిరిగిన నడుము పక్కన నిలబడి చెప్పినందుకేమో.

కామారెడ్డి తిరుగు బస్సులో నేను తల దించుకుని కూర్చున్నాను. లహరి మాత్రం వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. తాడ్వాయి దగ్గర నా మోచేయి గిల్లి, "తాతా, మా బెంచీకి ముగ్గురం కూసుంటం" అంది. నేను ఏమిటన్నాను. "వంతు పుస్తకాలు" అంది.

మరుసటి వారం లహరీ, ఆమె బెంచీలో ఇద్దరూ పుస్తకాలు పంచుకుని తీసుకుపోయారు. మొదటి పీరియడ్‌లోనే పుస్తకం తేలేదని ఇద్దరిని నిలబెట్టారు. ఏడుస్తూ వస్తుందనుకున్నాను. కోపంగా వచ్చింది. "మీటింగుంది, నువ్వు రావాలె. వచ్చి నిజం చెప్పాలె" అంది. నిజం అనే మాట మీద కొంచెం ఎక్కువే బరువు పెట్టింది.

తల్లిదండ్రుల సమావేశానికి గొంగడి సంచి చంకన పెట్టుకుని వెళ్ళాను. అక్కను అడిగితే కత్తెర, దారం బయటికి తీసి సంచి ఇచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ మంచిదే, ఓపికగా వింది. "పుస్తకం లేకుండా వస్తే క్రమశిక్షణ ఏముంటుంది? వెనకటి పిల్లలు ఇంతకన్నా కష్టపడి చదువుకోలేదా?" అంది. నేను లేచాను. కిటికీ అవతల లహరి నిలబడి ఉంది. గొంతు సవరించుకుని, "మా దినాలల్ల నేను పద్నాలుగు కిలోల సంచి" అని మొదలుపెట్టాను. ఎదురుగా అంతమంది కనిపిస్తే నా నోరు నా మాట వినదు. కిటికీలో మొహం కదల్లేదు. ఎదురుచూస్తోంది, అంతే.

"అని ముప్పై ఏండ్లు చెప్పుకుంట తిరిగిన మేడమ్. అబద్ధం. నా సంచి ఇది" అని పైకెత్తి చూపించాను. "ఇదన్న నేను మోయలే. మా అక్క మోసింది, బీడీల గంపతోటి. గప్పుడు ఆమెకు మా మనవరాలంత వయసు. నడుము నొస్తుందంటే ఎవ్వరం వినలే. ఇప్పుడు ఆమె సక్కగ నిలబడలేదు. నా మనవరాలు గూడ చెప్తే నేను నవ్విన. గందుకే వచ్చిన."

తర్వాత వెనక వరుసలోంచి ఒక తల్లి లేచి, తన కొడుకు రోజూ సాయంత్రం నేల మీద వెల్లకిలా పడుకుంటాడని, సోమరితనమని కొట్టానని చెప్పింది. ఇంకొకాయన తన కూతురు సంచిని తనే గేటుదాకా మోస్తానని, గేటు దాటాక ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదని అన్నాడు. మేడమ్ అన్నీ రాసుకుంది. ముందు ఎనిమిదో తరగతిలో ఒక నెల చూద్దామంది. బెంచీకి ఒక్కో పుస్తకం ఒక్కటి చాలు, నోటుపుస్తకాలు తరగతి బీరువాలో ఉంచుకోవచ్చు. వెళ్ళబోతుంటే, ఆ సంచి ఒకసారి చూపించమని అడిగి, వాసన చూసి, "గొర్రె వాసన ఇంకా పోలేదు" అని నవ్వింది. వాళ్ళింట్లోనూ గొంగడి ఉండేదట.

లహరి సంచి ఇప్పుడు దూదిలా ఉంటుంది. సరే, నాలుగున్నర కిలోలు. రెండు భుజాలకూ వేసుకుంటోంది, వీధి మలుపు దాకా అయితే తప్పకుండా. మలుపు తర్వాత సంగతి నేను చూడలేదు. పొద్దున్నే అరుగు మీద చాప వేసుకుని డాక్టరు చెప్పిన కసరత్తులు చేస్తుంది, పక్కన నేనూ మోకాళ్ళు చాపుతాను. మందు ట్యూబు మళ్ళీ నెల రోజులు వస్తోంది. వెనకటి రోజులు తేలికైనవని నేను అనను, నా సంచి తేలిక, అంతే. ఆ తేలికంతా అక్క మెడకు వేలాడింది. అక్క మోసినవాటిలో ఒక్క పుస్తకమైనా ఆమెది కాదు. ఇప్పుడు ఈ పిల్ల మోస్తున్నవన్నీ తనవే. నొప్పి అని నోరు తెరిచి చెబుతుంది, చెబితే ఆలస్యంగానైనా వినేవాళ్ళున్నారు. ఈ మార్పు నా కళ్ళముందే వచ్చింది. నా వల్ల వచ్చిందని చెప్పుకోవాలని నాలుక దురద పెడుతోంది గానీ, ఊరుకుంటున్నాను.

నిన్న సాయంత్రం అక్క ఫోను చేసింది.

"మీటింగుల నా ముచ్చట చెప్పినవట గదరా. ఎంతమంది ఉండిరి?"

"మూడు నాలుగు వందల మంది అక్కా."

"రాజిగా."

"ఇరవై ముగ్గురు."

అవతల కత్తెర చప్పుడు కాసేపు వినిపించింది. "పిల్ల ఉరుకుతుందా?"

"ఉరుకుడా! గాలి లెక్క..." అన్నాను. కత్తెర ఆగింది. నేనూ ఆగాను. అరుగు మీద లహరి బూట్లు వేసుకుంటోంది, ఖోఖో చూడటానికి గ్రౌండుకు పోతానంది. డాక్టరు ఇప్పటికి చూడమనే చెప్పాడు.

"ఉరుకుడు వచ్చే నెల అక్కా" అన్నాను. "ఇయ్యాల ఒంగి లేసు కట్టుకున్నది. నా కండ్లతోటి చూసిన."

"రెండు కాళ్ళకా?"

తొంగి చూశాను.

"రెండోది కడుతుంది" అన్నాను.